సీజన్ అయిపోయాక స్ప్రేయర్, వీడర్, బ్రష్ కట్టర్ మూలన పెట్టే ముందు

మిరుగు చినుకులు పడ్డ వారంలో ఏ మండల కేంద్రంలో చూసినా పంపుల మెకానిక్ దుకాణం ముందు స్ప్రేయర్లు వరస కడతాయి. తాడు ఎంత లాగినా అంటుకోనివి, అంటుకుని రెండు నిమిషాల్లో ఆగిపోయేవి, ఛార్జింగ్ నిలవనివి. వీటిలో చాలావాటికి రోగం పొలంలో తగిలింది కాదు. మార్చిలో చివరి మందు కొట్టి, తెచ్చి రేకుల కొట్టంలో పడేసిన రోజున మొదలై మూడు నెలల్లో ముదిరింది. ట్యాంకు అడుగున మిగిలిన మందు నీళ్లు, కార్బురేటర్‌లో మిగిలిన రెండు చెంచాల పెట్రోలు, సగం దిగిన బ్యాటరీ. మిషన్‌ను ఎక్కువగా తినేసేవి ఈ మూడే.

పని మొత్తానికి ఒక పూట చాలు. కాకపోతే వరస తప్పకూడదు. ముందు కడగాలి, ఆ తర్వాతే పెట్రోలు తీయాలి. ట్యాంకులో ఉన్న చివరి పెట్రోలుతోనే ఇంజన్ నడిపి పంపును కడిగేస్తే రెండు పనులూ ఒకేసారి అయిపోతాయి. పెట్రోలు ముందే తీసేసిన వాళ్లు కడగడానికి మళ్లీ పోయాల్సి వస్తుంది, లేదా "ఈసారికి చాల్లే" అని కడగడమే మానేస్తారు.

మందు పంపు కడగడం

చేతికి రబ్బరు గ్లౌజులు, ముఖానికి గుడ్డ తప్పనిసరి. ట్యాంకులో మిగిలిన మందు కలిపిన నీళ్లను అదే పంట మీద, అదే చేలో కొట్టి ఖాళీ చేయాలి. బావి గట్టున, కాలువలో, పశువుల తొట్టి దగ్గర ఒంపకూడదు.

పెట్రోలు ఇంజన్‌తో నడిచే 20, 25 లీటర్ల తైవాన్ పంపుకైనా, 16 లీటర్ల బ్యాటరీ పంపుకైనా మూడు సార్లు కడగాలి. ఒకేసారి ట్యాంకు నిండా నీళ్లు పోసి కొట్టడం కన్నా మూడు నాలుగు లీటర్ల చొప్పున మూడు దఫాలు కడిగితే మందు ఎక్కువ పోతుంది, నీళ్లూ తక్కువ పడతాయి. ప్రతిసారీ మూత బిగించి ట్యాంకును అటూ ఇటూ ఊపి, ఆ నీళ్లను పైపు, గన్, నాజిల్ గుండా బయటికి కొట్టాలి. ట్యాంకు కడిగి పైపు వదిలేస్తే సగం మందు లోపలే ఉన్నట్టు. రెండో దఫా నీళ్లలో బట్టల సబ్బు పొడి ఒక గుప్పెడు వేస్తే నూనె మందుల జిడ్డు వదులుతుంది. మూడో దఫా ఉత్త నీళ్లు.

కలుపు మందు కొట్టిన పంపు సంగతి వేరు. 2,4-డి కొట్టిన పంపుతోనే పత్తికో మిరపకో పురుగు మందు కొడితే, ట్యాంకు గోడకు అంటుకున్న మందే పైరును వంకర్లు తిప్పేస్తుంది. పత్తి ఆకు బెండ ఆకులా సన్నగా చీలి పైకి లేస్తుంది. వైరస్ తెగులు అనుకుని దానికి మరో మందు కొట్టేవాళ్లున్నారు. 2,4-డిలో సోడియం సాల్ట్, అమైన్ సాల్ట్ రకాలు నీళ్లలో కరుగుతాయి కాబట్టి కడిగితే చాలావరకు పోతాయి. ఈస్టర్ రకం నూనెలాంటిది. రబ్బరు పైపులోకి, వాషర్లలోకి ఇంకిపోయి నెలల తర్వాత కూడా కొద్దికొద్దిగా దిగుతుంది. కడిగి తీరాలంటే 10 లీటర్ల నీళ్లకు 100 గ్రాముల చాకలి సోడా కలిపి పైపులోకి కూడా ఎక్కించి రాత్రంతా ఉంచి, తెల్లారి కొట్టేసి, మళ్లీ మూడు సార్లు ఉత్త నీళ్లతో కడగాలి. అయినా మా మాట ఒకటే: కలుపు మందుకు పంపు వేరే పెట్టుకోండి. పాత చేతి పంపైనా ఫరవాలేదు. దాని మీద ఎర్ర రంగుతో పెద్ద గుర్తు వేయండి. ఒక ఎకరం పత్తి దెబ్బతింటే పోయే డబ్బు ముందు పంపు ఖరీదు లెక్కలోకి రాదు.

నీళ్లు పోయాక నాజిల్ విప్పండి. మూత, చిల్లు బిళ్ల, సుడి తిప్పే ముక్క, జల్లెడ, వాషర్. అన్నీ ఒక గిన్నెలో సబ్బు నీళ్లలో వేసి పాత టూత్ బ్రష్‌తో రుద్దాలి. పొడి మందుల మడ్డి జల్లెడలో గట్టిపడి ఉంటుంది. చిల్లులో సూదో తీగో పెట్టి పొడవకండి. ఒక వెంట్రుకవాసి పెద్దదైనా మందు చిమ్మే తీరు మారిపోతుంది. నోటితో ఊదడం అసలే వద్దు. నాజిల్‌ను తిరిగి బిగించకుండా ఒక చిన్న సీసాలో వేసి పంపుకే కట్టేస్తే జూన్‌లో వెతుక్కునే పని ఉండదు.

తైవాన్ పంపులో ప్రెజర్ పెట్టే తల కాయ ఇత్తడిది. దానిలోని ప్లంజర్ల సీళ్లకు తడే ఆధారం. కడిగిన నీళ్లు అయిపోయాక లోపల మిగిలింది బయటికి రావడానికి పది సెకన్లు ఉత్తగా నడిపి ఆపేయాలి. అంతకు మించి నడిపితే సీళ్లు కాలిపోతాయి, వచ్చే సీజన్లో అక్కడి నుంచే కారుతుంది. గ్రీజు కప్పులుంటే గ్రీజు నింపి రెండు చుట్లు బిగించండి. ప్రెజర్ మర పూర్తిగా వదులు చేయండి. మూడు నెలలు బిగించి ఉంచితే లోపలి స్ప్రింగు బిగువు పోతుంది. గన్ తెరిచి పెట్టండి, పైపులో మిగిలిన నీళ్లు జారిపోతాయి. పైపును మేకుకు వేలాడదీస్తే ఆ ఒక్క చోటే మడత పడి చీలుతుంది. పాత సైకిల్ టైరంత పెద్ద చుట్టలు చుట్టి బల్ల మీద పరచాలి.

పెట్రోలు

ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. 2022 ప్రాంతంలో అది 10 శాతం. నిలవ పెట్టేవాళ్లకు ఈ తేడా పెద్దదే. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది. తేమ ఒక హద్దు దాటితే నీళ్లూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుక్కు దిగుతాయి. పెట్రోలు పీల్చే గొట్టం ఉండేది అడుగునే. పెట్రోలులోనే ఆయిల్ కలిపి పోసే టూ స్ట్రోక్ ఇంజన్లో ఇంకో ప్రమాదం ఉంది. కలిపిన ఆయిల్ పైనున్న పెట్రోలులోనే ఉండిపోతుంది, అడుగున దిగిన దాంట్లో ఆయిల్ ఉండదు. ఒకవేళ అంటుకున్నా నూనె చుక్క లేకుండా తిరిగిన పిస్టన్ పట్టేస్తుంది.

ఇక ఎండ సంగతి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ వేడికి కార్బురేటర్‌లోని పెట్రోలు ఆవిరైపోయి జిగురు మిగులుతుంది. ముట్టుకుంటే ఎండిన తుమ్మ జిగురులా ఉంటుంది. కార్బురేటర్‌లోని స్లో జెట్ రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. దాన్ని మూయడానికి రవ్వంత జిగురు చాలు. "చోక్ వేస్తే నడుస్తుంది, తీస్తే ఆగిపోతుంది" అని మెకానిక్ దగ్గరికి వచ్చే బళ్లలో ఎక్కువ వాటికి కారణం ఇదే.

చిన్న ఇంజన్లు, అంటే వీపు మీద మోసే స్ప్రేయర్, బ్రష్ కట్టర్, చైన్ సా అయితే: ట్యాంకు ఒంచి పెట్రోలు డబ్బాలోకి తీసేయండి. పెట్రోలు ఎక్కించే రబ్బరు బుడ్డను పది పదిహేను సార్లు నొక్కితే గొట్టంలో ఉన్నది ట్యాంకులోకి తిరిగి వస్తుంది. దాన్ని కూడా ఒంపేయండి. తర్వాత ఇంజన్ వేసి దానంతట అది ఆగేదాకా వదిలేయండి; స్ప్రేయర్ అయితే పంపు ఉత్తగా తిరిగి సీళ్లు కాలకుండా మందు ట్యాంకులో కాసిని నీళ్లు ఉంచి, ఆగాక ఒంపేయండి. ఆగాక చోక్ వేసి ఇంకో రెండు సార్లు లాగండి, మిగిలిన ఆ కాస్త కూడా అయిపోతుంది. ఇదంతా ఆరుబయటే చేయాలి. మూసిన కొట్టంలో ఇంజన్ నడిపితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషి కూలబడేదాకా తెలియదు.

పవర్ వీడర్, పంపుసెట్ల మీద ఉండే 160, 200 సీసీ ఇంజన్లకు కార్బురేటర్ కింద చిన్న గిన్నె ఉంటుంది. దాని పక్కనో అడుగునో ఒక డ్రెయిన్ బోల్టు. పెట్రోలు కుళాయి కట్టేసి, కింద డబ్బా పెట్టి ఆ బోల్టు వదులు చేస్తే గిన్నెలోది దిగిపోతుంది. ఇంజన్ ఆగిపోయేదాకా నడిపినా గిన్నె అడుగున ఒక పొర మిగులుతుంది కాబట్టి బోల్టు విప్పడం మానొద్దు. దిగిన దాంట్లో తెల్లటి పొడి కనిపిస్తే నీళ్లు చేరి అల్యూమినియం తినేస్తున్నట్టు. అప్పుడు గిన్నె విప్పి తుడవాల్సిందే. ఈ ఇంజన్ల ట్యాంకు ఇనుప రేకుది. ఖాళీ చేసి వదిలేస్తే, ముఖ్యంగా సముద్రం దగ్గరి ఊళ్లలో, లోపల తుప్పు పడుతుంది. పూర్తిగా ఆరాక రెండు చెంచాల ఇంజన్ ఆయిల్ పోసి ట్యాంకు గోడలకు అంటేలా తిప్పి, మిగిలింది ఒంపేయండి. ప్లాస్టిక్ ట్యాంకుకు ఈ బాధ లేదు.

తీసిన పెట్రోలులో ఆయిల్ కలవకపోతే ఆ వారంలోనే మోటార్ సైకిల్లో పోసి వాడేయొచ్చు. టూ స్ట్రోక్ ఆయిల్ కలిపింది బైకులో పోయకండి, అలాంటి మరో మిషన్‌కే వాడాలి. నిలవ ఉంచే పని పెట్టుకోవద్దు. పెట్రోలు కూల్ డ్రింక్ సీసాల్లో పెట్టడం మన దగ్గర మామూలైపోయింది గానీ, 1934 నాటి పెట్రోలియం చట్టం 8వ సెక్షన్ ప్రకారం అమ్మకానికి కాకుండా లైసెన్సు లేకుండా ఉంచుకోగలిగింది 30 లీటర్లకు మించకూడదు. గాజు, పింగాణీ పాత్రయితే లీటరు లోపు, లోహపు డబ్బా అయితే 25 లీటర్ల లోపు ఉండాలి, మూత గట్టిగా బిగిసి ఉండాలి. ఆ జాబితాలో ప్లాస్టిక్ సీసా లేదు. చట్టం అటుంచితే, పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు. నేల వెంట పాకుతూ పోయి పక్క గదిలోని పొయ్యి దగ్గరో దేవుడి దీపం దగ్గరో అంటుకుంటుంది. అందుకే మిషన్‌లో చుక్క పెట్రోలు ఉన్నా వంటింటికి, ఇన్వర్టర్‌కు, స్విచ్ బోర్డుకు దూరంగా పెట్టాలి.

ప్లగ్గు, ఆయిల్, ఫిల్టర్

ఇంజన్ చల్లారాక స్పార్క్ ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలోంచి శుభ్రమైన ఆయిల్ పోయండి. టూ స్ట్రోక్‌కు ఒక టీ స్పూన్, అంటే 5 మిల్లీలీటర్లు. 160 సీసీ ఇంజన్‌కు 5 నుంచి 10 మిల్లీలీటర్లు. రంధ్రం మీద గుడ్డ వేసి తాడును మెల్లగా నాలుగైదు సార్లు లాగితే ఆయిల్ సిలిండర్ గోడలంతా అంటుతుంది. గుడ్డ వేయకపోతే అది ముఖం మీద చిమ్ముతుంది. ప్లగ్గు మొనల మధ్య సందు టూ స్ట్రోక్‌కు సుమారు 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు, 160 సీసీ ఇంజన్‌కు 0.7 నుంచి 0.8. చూసుకుని ప్లగ్గు బిగించండి. తర్వాత తాడు మెల్లగా లాగుతూ, బిగువుగా తగిలిన చోట ఆపేయండి. ఆయిల్ విడిగా పోసే ఫోర్ స్ట్రోక్‌లో ఆ చోట రెండు వాల్వులూ మూసుకుని ఉంటాయి, తేమ లోపలికి పోదు. టూ స్ట్రోక్‌లో సైలెన్సర్ దారిని పిస్టన్ అడ్డుకుంటుంది. ప్లగ్గు టోపీ మాత్రం పెట్టొద్దు. సెలవుల్లో పిల్లలు తాడు లాగి ఆడుకుంటారు.

ఫోర్ స్ట్రోక్ ఇంజన్లకు ఆయిల్ మార్చాల్సింది ఇప్పుడే, సీజన్ మొదట్లో కాదు. వాడిన ఆయిల్లో మసీ తేమా ఆమ్లాలూ ఉంటాయి. మూడు నెలలు అవి బేరింగుల మీద కూర్చోకూడదు. ఇంజన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు తీస్తే మడ్డి కూడా దిగుతుంది. 160 సీసీ ఇంజన్‌కు సుమారు 600 మిల్లీలీటర్లు, 35 సీసీ చిన్న ఇంజన్‌కు 100 మిల్లీలీటర్లు పడుతుంది. 10డబ్ల్యూ-30 గ్రేడు సరిపోతుంది. చిన్నదే కదా అని పావు లీటరు పోస్తే ఆయిల్ ఎయిర్ ఫిల్టర్‌లోకి ఎక్కి పొగ కక్కుతుంది. ఈ ఇంజన్లను ఎయిర్ ఫిల్టర్ వైపు కిందికి వచ్చేలా పడుకోబెట్టినా అదే జరుగుతుంది.

ఎయిర్ ఫిల్టర్ స్పాంజిదైతే సబ్బు నీళ్లలో పిండి, నీడన ఆరబెట్టి, రెండు చుక్కల ఆయిల్ రాసి మళ్లీ పిండి పెట్టండి. కాగితందైతే కడగకూడదు, తట్టి దుమ్ము దులపడమే.

బ్రష్ కట్టర్‌కు బ్లేడు విప్పి, గడ్డి పసరు గీకేసి ఆయిల్ రాయాలి. పసరు తేమను పట్టి ఉంచుతుంది, దాని కింద తుప్పు మొదలవుతుంది. తల దగ్గరి గేర్ పెట్టెకు పక్కన బోల్టు ఉంటుంది. అక్కడి నుంచి లిథియం గ్రీజు కొంచెం ఎక్కించండి. నైలాన్ తీగ ఎండకు ఎండిపోతే పెళుసుబారి పుటుక్కున తెగుతుంది. వాడే ముందు రోజు నీళ్ల బకెట్లో నానబెడితే మళ్లీ సాగుతుంది. పవర్ టిల్లర్ అయితే బెల్టులు వదులు చేసి, టైర్లు నేలకు ఆనకుండా దుంగల మీద ఎత్తిపెట్టండి. దానిలో పోసే డీజిల్‌కు పెట్రోలంత పేచీ లేదు. ట్యాంకు నిండుగా ఉంచితే లోపల తేమ చేరదు.

బ్యాటరీ పంపు

ఊళ్లలో ఎక్కువగా ఉండే 16 లీటర్ల పంపుల్లో 12 వోల్టుల, 8 లేదా 12 ఏహెచ్ (ఆంపియర్ అవర్, ఎంత ఛార్జి పడుతుందో చెప్పే కొలత) సీసం బ్యాటరీ ఉంటుంది. దాన్ని చంపేది వాడకం కాదు, ఖాళీగా పడుండటం. ఛార్జి దిగిన సీసం బ్యాటరీలో పలకల మీద సల్ఫేటు పొర గట్టిపడుతుంది. ఆ తర్వాత ఛార్జర్ పెట్టిన అరగంటకే పచ్చ లైటు వెలుగుతుంది, పొలంలో రెండు ట్యాంకులకే దిగిపోతుంది. అంత త్వరగా పచ్చ లైటు వచ్చిందంటే బ్యాటరీ నిండినట్టు కాదు, పట్టే చోటు పోయినట్టు.

పూర్తిగా ఛార్జి చేసి, తీసి ఒక రాత్రి ఊరుకోనిచ్చి మల్టీమీటర్ పెట్టి చూడండి. 12.7 వోల్టులు, ఆపైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు వంతు. 12కు దిగితే దాదాపు ఖాళీ. వాడకపోయినా ఛార్జి దానంతట అదే దిగుతుంటుంది. 25 డిగ్రీల దగ్గర నెలకు మూడు శాతం అటూ ఇటూ, ఆపైన ప్రతి 10 డిగ్రీల వేడికీ అది సుమారు రెట్టింపవుతుంది. మే నెలలో రేకుల కింద ఎంతుంటుందో లెక్క వేసుకోండి. అందుకే బ్యాటరీని విప్పి ఇంట్లో చల్లని చోట పెట్టి, నెలకోసారి, ఎండలు ముదిరాక ఇరవై రోజులకోసారి ఛార్జి చేయాలి. విప్పడం కుదరకపోతే కనీసం స్విచ్ ఆపి ఒక వైరు తీసేయండి. ఛార్జర్‌ను నెలల తరబడి తగిలించి వదిలేయొద్దు. చౌక ఛార్జర్లు నిండాక కరెంటు ఆపవు, బ్యాటరీ ఉబ్బుతుంది.

లిథియం బ్యాటరీకి లెక్క తిరగబడుతుంది. నిండుగా పెడితే త్వరగా ముసలిదవుతుంది. సగం, అంటే 40 నుంచి 60 శాతం మధ్య ఉంచి చల్లని చోట పెట్టండి. ఉబ్బినా, దెబ్బ తగిలి సొట్ట పడినా ఛార్జి పెట్టకూడదు, ఇంట్లో ఉంచకూడదు. పాత సీసం బ్యాటరీని పెంటకుప్పలో వేయకుండా కొత్తది కొనే దుకాణంలోనే ఇచ్చేయండి. దాని సీసానికి ధర ఉంది, తగ్గిస్తారు.

ఎక్కడ పెట్టాలి

యూరియా, డీఏపీ బస్తాల పక్కన పెట్టొద్దు. ఎరువు తేమను పీల్చి ఉప్పు నీరు కక్కుతుంది, దాని పక్కనున్న ఇత్తడి పచ్చబడుతుంది, ఇనుము పొక్కులు లేస్తుంది. నేల మీద కాకుండా చెక్క బల్ల మీదో అటక మీదో పెట్టాలి. ఎలుకలకు పెట్రోలు గొట్టం, వైరు తొడుగు రెండూ ఇష్టమే. పాలిథిన్ కవరు చుట్టేస్తే తేమ లోపలే గడ్డకడుతుంది. పాత నూలు దుప్పటో గోనె సంచో కప్పండి, గాలి ఆడుతుంది. సైలెన్సర్ మూతికి, ఎయిర్ ఫిల్టర్ మూతికి గుడ్డ ముక్క కట్టండి. మట్టి గూళ్లు కట్టే కందిరీగలకు సైలెన్సర్ రంధ్రాన్ని మించిన ఇల్లు లేదు. మట్టి నిండిన సైలెన్సర్‌తో ఇంజన్ అంటుకోదు, కారణం వెతుకుతూ కార్బురేటర్ విప్పేస్తారు. ఆ గుడ్డ కొస బయటికి వేలాడేలా, ఎర్రగా ఉండేదే కట్టండి, తీయడం మరిచిపోకుండా.

బయటికి తీసినప్పుడు

గుడ్డలు తీసి, గొట్టాలను వంచి పగుళ్లున్నాయేమో చూడండి. అప్పుడే తెచ్చిన పెట్రోలు పోయండి. టూ స్ట్రోక్ అయితే మిషన్‌తో వచ్చిన పుస్తకంలో ఉన్న పాలు ప్రకారం ఆయిల్ కలపాలి. 25కు 1 అంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు, 50కు 1 అంటే 20. కంటి అంచనాతో పోయకుండా మందు కొలిచే గ్లాసు వాడండి, కాకపోతే పెట్రోలుకు వేరేది ఉంచండి. మొదటి ఒకటి రెండు నిమిషాలు తెల్లటి పొగ వస్తుంది. సిలిండర్లో పోసిన ఆయిల్ కాలుతోంది, కంగారు పడక్కర్లేదు. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే ప్లగ్గు విప్పి తుడవండి.

మందు కలిపే ముందు ఉత్త నీళ్లతో ఒక ట్యాంకు కొట్టి చూడాలి. కారే వాషర్లన్నీ అప్పుడే బయటపడతాయి. తర్వాత నాజిల్ కింద కొలత జగ్గు పెట్టి సరిగ్గా ఒక నిమిషం పట్టండి. అదే రకం కొత్త నాజిల్‌తో అదే ప్రెజర్‌లో పట్టిన దానికన్నా పది శాతం ఎక్కువ వస్తే, అంటే 600 మిల్లీలీటర్లు రావలసింది 660 దాటితే, చిల్లు అరిగిపోయినట్టు. కొత్తది వేయండి.